మాలిమి చేసిన అంకె

నలభై మూడో రోజు ఉదయం కూడా నీరజాక్షి గోదావరి తరఫున కబురు రాయడానికి కూర్చుంది.

గట్టుపేటలో నదీ రక్షణ మండలి భవనం ఉంది. దాని మూడో అంతస్తులో ఆమె గది. కిటికీలోంచి చూస్తే ఎర్రటి కొత్త నీరు, దాని మధ్యలో పచ్చగా పదిహేడు లంకలు, వాటిని గట్టుతో కలిపే పొడవాటి వంతెన. శ్రావణమాసమైనా ఆకాశంలో మబ్బు తునక లేదు. వంతెన మీద ఒక కుటుంబం ఆదరాబాదరాగా గట్టు వైపు వస్తోంది. ఆడవాళ్ళ జుట్టు విరబోసి ఉంది, మగమనిషి ఒక కాలికి మాత్రమే చెప్పుంది. ఆ నడక చూస్తేనే తెలిసిపోతుంది, ఎవరో పోయారని ఆప్తవార్త మోగి ఉంటుందని. అయ్యో పాపం అనుకుని నీరజ తల తిప్పుకుంది.

తర్వాత ఇలా రాసింది.

"ఒరే అల్లుళ్ళూ! మీ మావ సముద్రుడు రమ్మని కబురు మీద కబురు పెడుతున్నాడు గాని, నా మనసంతా మీ పెరట్లో పనసకాయ మీదే ఉంది. పొట్టు కొట్టి ఉంచండి. రేపో మాపో మీ గుమ్మంలోకి వస్తాను. ఇట్లు, గోదారత్త."

పంపింది. క్షణాల్లో జవాబులు మొదలయ్యాయి.

"రా అత్తా, ఆవ పెట్టి వండుతాం."

"ఉత్త చేతుల్తో రాకత్తోయ్, ఓ పులసైనా పట్రా."

"అత్తా, నువ్వొత్తే పీటేసి కూకోబెడతాం గాని, మా ఆవిడితో మాత్రం పేచీ పెట్టుకోకు."

ఎదుటి పలక మీద నమ్మిక తొంభై ఏడు దగ్గర నిలకడగా వెలుగుతోంది. దాన్ని చూసి నీరజ తృప్తిగా నవ్వుకుంది. ఆ తృప్తి అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ముప్ఫయ్యేళ్ళ కిందట మనుషులు కబుర్లలో మునిగిపోయారు. మనిషికి రోజుకు పదివేల కబుర్లు. అమ్మేవాళ్ళు, అడిగేవాళ్ళు, మోసం చేసేవాళ్ళు, ఊరికే వాగేవాళ్ళు. ఆ రొదలో ఏది నిజమో, ఏది తనదో తెలియక జనానికి పిచ్చెక్కిపోయింది. అప్పుడు వచ్చాయి వాకిళ్ళు. చెవి వెనక చర్మం కింద మినపగింజంత పరికరం. మనిషికి ఏ కబురు చేరాలన్నా దాన్ని దాటాల్సిందే. కబురులో ఏముందో వాకిలి చదవదు, చదవకూడదని చట్టం. అది మూడే చూస్తుంది. పంపినవారి పేరేమిటి, ఏ అంకె నుంచి వచ్చింది, ఇదివరకు ఆ అంకె నుంచి వచ్చిన వాటిని జనం ఏం చేశారు. జనం విప్పి చదివి జవాబిచ్చి ఉంటే ఆ అంకెకు నమ్మిక పెరుగుతుంది. చూడకుండా తోసేసి ఉంటే తరుగుతుంది. నమ్మిక లేని కబురు అటకెక్కుతుంది. అటక మీదికి ఎవరూ వెళ్ళరు.

రెండేళ్ళ కిందట మండలికి సొంత అంకె లేదు. చవగ్గా వస్తుందని మరో నలభై సంస్థలతో కలిసి ఒక ఉమ్మడి అంకె వాడుకునేది. అందులో ఒకడు జుట్టు మొలిపించే నూనె అమ్మేవాడు, ఇంకొకడు లాటరీ వాడు. వాళ్ళు లక్షలకు లక్షలు గుప్పించి ఆ అంకె పరువు గంగలో కలిపారు. మండలి పంపిన వరద హెచ్చరిక కూడా అదే అంకె నుంచి వెళ్ళింది. తోకలంకలో పదకొండు మంది పోయారు. తర్వాత వాళ్ళ వాకిళ్ళు విప్పి చూస్తే హెచ్చరిక అటక మీద భద్రంగా ఉంది, నూనె ప్రకటన పక్కన. అప్పట్నించీ తోకలంకలో ఎవరూ కాపురం ఉండటం లేదు.

ఆ దెబ్బతో మండలి కళ్ళు తెరిచింది. తన మూలపేరుకు కొమ్మపేర్లు కట్టింది. పన్నుల కబుర్లకు ఒక కొమ్మ, పడవల వేలానికి ఒక కొమ్మ, వరదకు విడిగా ఒక కొమ్మ. ఒక కొమ్మకు పురుగు పడితే ఇంకో కొమ్మకు అంటకూడదని ఉద్దేశం. ఈ ఏడాది వరద కొమ్మకు ఎవరితోనూ పంచుకోనక్కరలేని సొంత అంకె కూడా కొన్నది. అయితే కొత్త అంకె వాకిళ్ళకు ముక్కూమొహం తెలియని మనిషి. మొదటిరోజే ముప్ఫై ఒక్కవేల వాకిళ్ళ ముందు నిలబడి అరిస్తే తలుపులన్నీ మూసుకుపోతాయి. ముందు యాభై మందికి పంపాలి, మర్నాడు వందమందికి, ఆ మర్నాడు ఇంకొందరికి. వాళ్ళు చదవాలి, జవాబివ్వాలి. ఇలా ఆరువారాలు చేస్తే అంకె అందరికీ అలవాటవుతుంది. దీనికే మాలిమి అని పేరు. నీరజాక్షి మండలిలో మాలిమి అధికారిణి.

మొదటివారం ఆమె పద్ధతిగా నీటిమట్టాలు పంపింది. ఏడడుగుల రెండంగుళాలు, ఏడడుగుల నాలుగంగుళాలు. ఒక్కరూ విప్పలేదు. నమ్మిక పదకొండుకు పడిపోయింది. ఆవేళ ఇంటికి వెళ్ళి మొహం వేలాడేసుకుని కూర్చుంటే, మేనత్త మంగతాయారు వంటింట్లోంచి పలకరించింది.

"ఏమే, నీ గోదారికి మాటలు రావా ఏంటి? అంగుళాలు, అడుగులు అంటే ఎవడికి కావాలే? కొలిచి పెళ్ళి చేస్తావా దానికి?"

నీరజనీ, చెల్లెలు పద్మినినీ చిన్నప్పట్నించీ పెంచింది ఈ మేనత్తే. డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆవిడ నోట వెటకారం లేకుండా మాట రాదు. పాలు తెచ్చిపెట్టే మరతో కూడా సరసాలాడుతుంది. ఆ రాత్రి నీరజకు తట్టింది. గోదావరి చేత ఈ అత్త గొంతుతో మాట్లాడిస్తే?

కోనసీమ వాళ్ళకు అంతకంటే ఏం కావాలి? అత్త ఎకసెక్కెం ఆడటం, అల్లుళ్ళు తిప్పికొట్టడం వాళ్ళకు అన్నంలో ఆవకాయ. పదిరోజుల్లో లంకలన్నీ గోదారత్త కబురు కోసం ఎదురు చూడటం మొదలుపెట్టాయి. దాన్ని రాసేది ఎవరో పద్మినికి తప్ప ఎవరికీ తెలియదు. పద్మిని కాపురం నడిపాయ లంకలో. అక్కడ మొగుడూ పెళ్ళాలు పూలమొక్కలు పెంచుతారు. నీరజ ప్రతి కబురూ రాసేముందు, దీనికి పద్మిని నవ్వుతుందా లేదా అని ఆలోచించేది. పద్మిని నవ్వితే లంకలన్నీ నవ్వేవి.

మధ్యాహ్నం ఒంటిగంటకు పర్యవేక్షకుడు కోటిలింగం గారు తలుపు కొట్టకుండా లోపలికి వచ్చారు. ఆయన అలా ఎప్పుడూ రారు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అమ్మా, పైన అడవుల్లో కుంభవృష్టి. మూడు ఉపనదులు ఒక్కసారి పొంగాయి. ఎగువ ఆనకట్ట ఆగేట్టు లేదని తలుపులన్నీ ఎత్తేశారు. సాయంత్రం ఆరింటికి మన లంకల మీద పద్నాలుగు అడుగుల నీరుంటుంది."

నీరజ కిటికీ వైపు చూసింది. ఎండ పెళపెళ కాస్తోంది. లంకల్లో ఎవరో ఆరేసిన చీర గాలికి ఎగురుతోంది.

"పంపించండమ్మా. దీనికోసమేగా ఆ అంకెను పెంచింది."

హెచ్చరిక ఎప్పుడో తయారుచేసి పెట్టి ఉంది. ఇది మూడో ప్రమాద హెచ్చరిక. సాయంత్రం ఆరు గంటలకు లంకలు మునిగిపోతాయి. వెంటనే ఇళ్ళు వదిలి వంతెన దాటి గట్టు మీదికి రండి. నదీ రక్షణ మండలి. నీరజ మీట నొక్కింది.

తొమ్మిది సెకన్లలో ముప్ఫై ఒక్కవేల వాకిళ్ళు తెరుచుకున్నాయి. ఒక్కటంటే ఒక్క కబురు అటకెక్కలేదు. రెండేళ్ళ కష్టం ఫలించింది. కోటిలింగం గారు పలకకు రెండు చేతులూ జోడించి దండం పెట్టారు.

అప్పుడు జవాబులు రావడం మొదలైంది.

"ఓర్నాయనో, అత్త ఈయాల సర్కారు ఏసం కట్టింది!"

"ఆరింటికా? కాఫీ ఏళకి రాకూడదా అత్తా?"

"పద్నాలుగు అడుగులా? మరీ అంత పొడుగైతే మా గుమ్మం తగులుద్ది, కాస్త వొంగి రా."

నీరజకు మొదట అర్థం కాలేదు. అర్థమైన మరుక్షణం వంతెన మీద దృశ్యాలు చూపించే పలక వైపు తిరిగింది. వంతెన ఖాళీగా ఉంది. ఒక మేకల కాపరి మందను తోలుకుంటూ గట్టు మీంచి లంక వైపే వెళ్తున్నాడు.

"ఇంకోసారి పంపండి," అన్నారు కోటిలింగం గారు. "వేళాకోళం కాదని స్పష్టంగా రాయండి."

ఇది వేళాకోళం కాదు, ప్రాణాలకు ప్రమాదం అని రాసి పంపింది. "అబ్బో, అత్తకి కోపం కూడా వత్తాదే!" అని జవాబు. నవ్వులు, ఇంకా నవ్వులు. జనం ఇంత చురుగ్గా జవాబులివ్వడం మునుపెన్నడూ లేదు. పలక మీద నమ్మిక తొంభై ఎనిమిదైంది. తొంభై తొమ్మిదైంది. అక్కడ నీళ్ళు వస్తున్నాయి, ఇక్కడ నమ్మిక పెరుగుతోంది.

వాకిళ్ళు ఆ అంకెను నమ్మాయి. కాని మనుషులు నవ్వడానికే అలవాటు పడ్డారు. ఐదు వారాలపాటు రోజూ ఈ అంకె నుంచి వస్తాను వస్తాను అని బెదిరించింది తనే. ఇప్పుడు నిజంగా వస్తున్నానంటే ఎవడు లేస్తాడు?

ఊళ్ళలో హెచ్చరిక బాకాలు పదేళ్ళ కిందటే పీకేశారు. ప్రతి చెవికీ వాకిలి ఉండగా వీధిలో మోతెందుకని. మండలికి పడవలు ఆరు, పోలీసులు ముప్ఫైమంది. అందర్నీ పంపించారు. లంకలు పదిహేడు. ఎండలో నిక్షేపంగా ఉన్న ఊళ్ళోకి వచ్చి పరిగెత్తండి అంటే, "అత్త మిమ్మల్ని కూడా పంపిందా ఏంటండి?" అని కుర్చీలేసి మజ్జిగిచ్చారట.

నీరజ చెల్లెలికి నేరుగా మాట కలిపింది.

"చెప్పక్కా," అంది పద్మిని, గొంతులో ఇంకా నవ్వు ఆగలేదు. "ఈవేళ భలే రాసేవే. మా వీధి వీధంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతన్నారు."

"పద్మా, అది నవ్వుకి రాసింది కాదే. నిజంగా నీళ్ళొస్తున్నాయే. ఉన్నదున్నట్టు బయల్దేరవే తల్లీ."

"ఇదీ బాగుంది."

"నీకు దణ్ణం పెడతానే! పద్మా, నామీద ఒట్టే!" నీరజ ఏడ్చేసింది.

అవతల నవ్వు ఆగింది.

"ఏడుస్తన్నావా అక్కా? ఇక్కడ చూస్తే మండే ఎండ. ఏట్లో నీళ్ళు నిన్నెంతున్నాయో ఇవాళా అంతే ఉన్నాయి. సర్లే, ఆయన మొక్కల బండేసుకుని పై లంకకి వెళ్ళేరు, ఐదింటికి వచ్చేస్తారు. రాగానే చెప్పి బయల్దేరతాంలే."

"ఐదింటికి కాదే, ఇప్పుడే! వీధిలో వాళ్ళకి కూడా చెప్పు."

"నేను చెప్తే మాత్రం నమ్ముతారేంటక్కా? ఇంకా నవ్వుతారు."

మాట ముగిసింది. టైము రెండు దాటింది. నీరజ కిటికీ ఊచలు పట్టుకుని ఖాళీ వంతెన వైపు చూస్తూ నిలబడింది. పొద్దున ఆ వంతెన మీద చూసిన కుటుంబం గుర్తొచ్చింది. విరబోసుకున్న జుట్టు, ఒంటి చెప్పు.

ఆసుపత్రులన్నిటికీ ఆప్తవార్త అనే కొమ్మపేరు ఉంటుంది. మనిషి పోతే ఆ కొమ్మ నుంచే బంధువులకు కబురు వెళ్తుంది. వాకిలిలో ఒకే ఒక్క సన్నటి మోత మోగుతుంది. ఆ మోత వింటే లంకల్లో ఎవరూ ఆగరు. పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే ఉంటుంది, తలుపు తీసింది తీసినట్టే ఉంటుంది. పీనుగ లేచేలోగా మొహం చూడాలి. ఇంటిల్లిపాదీ పరుగున గట్టుకొస్తారు. దేంతోనైనా పరాచికాలాడతారు గాని, ఆ కబురుతో ఆడరు.

"సార్," అంది నీరజ. "మన మూలపేరుకు ఇంకో కొమ్మ కడతాను. ఆప్తవార్త. వాకిళ్ళలో కొమ్మపేరే ముందు కనబడుతుంది, వెనకున్న మూలపేరు ఎవరూ చూడరు. వేరే అంకె అయితే మళ్ళీ ఆరువారాలు పట్టేది. మాలిమైన మన సొంత అంకె మీదే పంపితే ఏ వాకిలీ ఆపదు. లంకల్లో ప్రతి ఇంటికీ గట్టు మీద చుట్టాలున్నారు. అత్యవసరానికి బంధుపట్టికలు మన దగ్గర ఉన్నాయి."

కోటిలింగం గారు ఆమె వైపు తిరిగారు.

"బతికున్నవాళ్ళని చంపుతామా అమ్మా?"

"చంపకపోతే వీళ్ళు పోతారు సార్."

"నాకూ లంకలో అన్నయ్య ఉన్నాడు," అన్నారాయన. "వాళ్ళ పట్టికలో నా పేరే ఉంటుంది." ఇంకేమీ అనకుండా మెడలోంచి తాళం తీసి బల్ల మీద పెట్టారు. ఆ తాళం లేకుండా బంధుపట్టికలు తెరుచుకోవు.

ఒక్కో ఇంటికి ఒక్కో మనిషిని ఎంచుకోవాలి. నీరజ ఆలోచించింది. పిల్లల పేర్లు వద్దు. గట్టు మీద ఉన్న చుట్టాల్లో అందరికంటే వయసు మీరినవాళ్ళను తీసుకొమ్మని యంత్రానికి చెప్పింది. పలక మీద పేర్లు వరసగా పరిగెత్తాయి. ఎన్ని ఇళ్ళో అన్ని చావులు, వేలకు వేలు. నోటితో అనకూడని మాట ఒక్కటే ఒక్కసారి అన్నా అత్తయ్య చెంప మీద కొట్టేది చిన్నప్పుడు. నడిపాయ లంక వరస వచ్చేసరికి నీరజ చెయ్యి ఆగిపోయింది. పద్మిని పేరుకెదురుగా మంగతాయారు అని ఉంది.

కళ్ళు మూసుకుని మీట నొక్కింది.

మొదట వంతెన అవతలి కొసన ఒక్క మనిషి కనబడ్డాడు. పరిగెత్తుతున్నాడు. వెనక పదిమంది. ఆ వెనక లెక్కలేదు. చేతుల్లో మూటలు లేవు, కాళ్ళకు చెప్పులు లేవు, చంకల్లో పిల్లలున్నారు. గుండెలు బాదుకుంటూ వస్తున్నారు. వేలమంది ఒక్కసారి ఏడిస్తే ఎలా ఉంటుందో ఇదివరకు ఎవరూ విని ఉండరు. ఆ శబ్దం వంతెన దాటి, గట్టెక్కి, మూడో అంతస్తు కిటికీ అద్దాల్ని వణికించింది. నీరజ చెవులు మూసుకుంది. అయినా వినబడింది.

ఆఖరి మనిషి ఐదూ నలభైకి వంతెన దాటాడు. ఆరూ పదికి నీళ్ళు వచ్చాయి. వంతెన రెండు చోట్ల తెగిపోయింది. పదిహేడు లంకల్లో కొబ్బరిచెట్ల తలలు తప్ప ఏమీ మిగల్లేదు. ఆవేళ నీళ్ళకు ఒక్కరు కూడా పోలేదు.

గట్టు మీద మాత్రం ఎవరూ చూడని తమాషా జరిగింది. చచ్చిపోయారనుకున్న అవ్వలూ తాతలూ వీధుల్లోకి వచ్చి నిలబడ్డారు. పట్టుకుని ఏడ్చేవాళ్ళు ఏడ్చారు, తిట్టేవాళ్ళు తిట్టారు, కొందరు పకపకా నవ్వేశారు. పద్మిని తలా గుండే బాదుకుంటూ ఇంటికి వచ్చేసరికి మంగతాయారు గుమ్మంలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. నీరజ కూడా వచ్చి జరిగింది చెప్పాక ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"నన్ను చంపేసేవటే నీరజా? పోన్లే, మంచి పనికే చంపేవు. ఇదిగో పద్మా, రేపు నేను నిజంగా పోయినప్పుడు కూడా ఇలాగే గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకురా. బాగా ఏడ్చేవు."

ముగ్గురూ ఒకర్నొకరు పట్టుకుని నవ్వారు, ఏడ్చారు.

బతికున్నవాళ్ళ చావు ప్రకటించినందుకు నీరజాక్షిని మండలి సస్పెండు చేసింది. అదే వారం లంకవాసులు సన్మానం చేసి శాలువా కప్పారు. కోటిలింగం గారు ముందే ఉద్యోగవిరమణ తీసుకున్నారు. ఆప్తవార్త కొమ్మను మండలి నరికేసింది. ఆ సొంత అంకె నమ్మిక మాత్రం వందకు చేరింది. అందరూ విప్పారు, అందరూ చదివారు, అందరూ కదిలారు. వాకిళ్ళకు అంతకుమించి ఏం కావాలి?

నీళ్ళు తీశాక లంకలు మళ్ళీ లేచాయి. వంతెన బాగుపడింది. ఒక ఆదివారం పద్మిని వచ్చి కబుర్లు చెప్తూ చెప్తూ అంది:

"మా వీధిలో ఇప్పుడు ఆప్తవార్త మోగితే ముందు ట్రంకుపెట్టెనీ, కోళ్ళనీ చూసుకుంటన్నారక్కా. పేరు తర్వాత చదువుతారు."

నీరజ కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ వణుకు పుడుతుంది.

మాఘమాసంలో ఒకనాడు పొద్దున పది గంటలకు మంగతాయారు గట్టుపేట ఆసుపత్రిలో పోయింది. రెండురోజుల జ్వరం, అంతే. డాక్టరు నాడి చూసి తల వంచుకున్నాడు. ఎవరూ ఏమీ పంపనక్కరలేకుండానే ఆసుపత్రి ఆప్తవార్త ఆవిడ బంధుపట్టికలో ఉన్న ఇరవైఆరు మందికీ వెళ్ళిపోయింది. అందులో పంతొమ్మిది మంది లంకల్లోనే ఉన్నారు.

నీరజ అత్తయ్యను ఇంటికి తెచ్చి వసారాలో దక్షిణానికి తల పెట్టి పడుకోబెట్టింది. తల దగ్గర దీపం వెలిగించింది. ఆవిడ పెదవుల మీద ఇంకా ఏదో మాట మిగిలిపోయినట్టుంది. పద్మిని గంటలో వస్తుంది, వచ్చి బావురుమంటుంది, ఇద్దరం కలిసి ఏడుస్తాం అనుకుంది. అంతవరకూ కళ్ళనీళ్ళు బిగబట్టుకుని కూర్చుంది.

గంట కాకముందే ఏటి వైపునుంచి హోరు వినబడింది. నీరజ గుమ్మంలోకి వచ్చి చూసింది. మాఘమాసపు గోదావరి మోకాటి లోతు లేదు, ఇసుకమేటల మీద ఎండ మెరుస్తోంది. వంతెన పట్టక జనం ఆ ఇసుకలో కూడా పరిగెత్తుకొస్తున్నారు. నాలుగువేలమంది ఉంటారు. తలల మీద ట్రంకుపెట్టెలు, చంకల్లో కోళ్ళు, భుజాల మీద పిల్లలు. పంతొమ్మిది మందికొచ్చిన మోతను వీధులు అందుకున్నాయి, వీధుల్నుంచి ఊళ్ళు అందుకున్నాయి. ఎవరూ ఏడవటం లేదు. అందరి కళ్ళూ ఎగువకే చూస్తున్నాయి. ఆ కళ్ళలో ఉన్నది భయం.

పద్మిని వీధి మలుపులో కనబడింది. నెత్తిన ట్రంకు, వెనక ఆమె భర్త రెండు చేతుల్లో మూటలతో.

"అక్కా!" అంది రొప్పుతూ. "ఎంతొస్తన్నాయి నీళ్ళు? పైన ఆనకట్ట తెగిందా?"

నీరజ గుమ్మానికి అడ్డు తప్పుకుంది. వసారాలో దీపం కనబడింది.

పద్మిని దీపాన్ని చూసింది. దాని పక్కన పడుకున్న మనిషిని చూసింది. అక్క మొహం చూసింది.

"నీళ్ళు లేవా?"

"లేవు."

"అమ్మయ్య!" అంటూ పద్మిని ట్రంకు దించి దాని మీదే కూలబడింది. పమిటతో మొహం తుడుచుకుంది. "గుండాగిపోయిందనుకో. అత్తయ్యేనన్నమాట. నేనింకా నీళ్ళొచ్చేసేయేమో అని..."

మాట సగంలోనే ఆగిపోయింది. తనన్న మాట తనకే వినబడి, చెయ్యి నోటి మీద వేసుకుంది.

అప్పటికే ఆమె భర్త వెనక్కి తిరిగి వీధిలోకి కేకేశాడు. "నీళ్ళు కాదండోయ్! మనిషే పోయిందంటండి! నిజంగానే పోయిందంట!"

ఆ కేకను వీధి అందుకుంది. వీధిలోంచి గట్టు మీదికి, గట్టు మీంచి వంతెన మీదికి, వంతెన మీంచి ఇసుకలోకి పాకింది. నిజంగానే పోయిందంట. నిజంగానే పోయిందంట. దాని వెనకే నాలుగువేల గుండెల్లోంచి ఒకే మాట. అమ్మయ్య. ఎవరో నవ్వారు. ఎవరో కోళ్ళను కిందికి దింపారు. ఒక ముసలాయన దేవుడికి దండం పెట్టుకున్నాడు. వాళ్ళలో ఒక్కరూ చెడ్డవాళ్ళు కాదు. ఆరు నెలల కిందట ఇదే గట్టు మీద నీరజ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నవాళ్ళే.

కాసేపటికి పెట్టెలు మళ్ళీ నెత్తికెత్తుకుని లంకల వైపు తిరిగారు. పొయ్యి మీద వదిలి వచ్చిన అన్నాల గురించి మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. ఎవరు పోయారని ఒక్కరూ అడగలేదు. వీధి ఖాళీ అయింది.

పద్మిని అప్పుడు లేచి వసారాలోకి వెళ్ళి అత్తయ్య కాళ్ళ మీద పడింది. "పరిగెత్తుకొచ్చేనత్తా, నువ్వు చెప్పినట్టే పరిగెత్తుకొచ్చేను," అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. నీరజ పక్కన కూర్చుని చెల్లెలి వీపు నిమిరింది.

ఏడుస్తూనే పద్మిని ఒకసారి తల తిప్పి ఏటి వైపు చూసింది.